ఫుల్‌మతి తోట

భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లలో చిన్నపిల్లల బడి నడిపే సత్యలక్ష్మి, ఆవేళ రంగుకాగితాలిచ్చి తోట చెయ్యమంది.

కూలివాళ్ల పిల్ల ఫుల్‌మతి నుయ్యి, వంగమొక్కలు, పెద్ద మామిడిచెట్టు కత్తిరించి అట్టమీద అంటించింది. అందరిలోకీ అదే బాగుంది.

"ఎవరి తోటే ఇది?"

"మాదే దీదీ," అంది ఫుల్‌మతి, తెలుగు పిల్లలతో ఆడి నేర్చిన మాటల్లో. "మీ క్వార్టరున్న చోటే మా ఇల్లుండీది. నుయ్యి పూడ్చేసినారు. చెట్టు ఉంచినారు కదా, అది మా తాత నాటినాడు. ఒక్కసారొచ్చి చూసుకుంటాను దీదీ?"

సత్యలక్ష్మి ఆ అట్టమీది మామిడిచెట్టు వైపు చూసింది.

"వద్దే. మా ఇంట్లో కుక్కుంది, కరిసేస్తాది."

ఆమె ఇంట్లో కుక్క లేదు. చెట్టూ లేదు. ఆరేసిన బట్టలకు ఎండ తగలడం లేదని మొన్న ఆదివారమే దాన్ని కొట్టించేసింది.