బడికెళ్లే పిల్ల

బాలసరస్వతి మంచం మీదికి వంగి మనవరాలి చెవిలో ఏదో చెప్పింది. అంతే, దుప్పట్లో ముడుచుకున్న సాయిసాత్విక లేచి కూర్చుంది. కళ్లు నులుముకుంటూనే బ్రష్ తీసుకుని పెరట్లోకి నడిచింది.

అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ హిమజకు ఏమీ అర్థం కాలేదు. అత్తగారు వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆవిడ చెవిలో ఊదుతుంది, ఈ పిల్ల కిక్కురుమనకుండా తయారైపోతుంది.

అంతకుముందు ఆ ఇంట్లో ఎలా తెల్లవారేదో వీధి వీధంతటికీ తెలుసు. హిమజకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చి ముప్పాళ్ల దగ్గర ఒక ఊళ్లో పోస్టింగ్ పడింది. నరసరావుపేటలో పొద్దున్నే బస్సు అందుకోవాలి. భర్త అరుణ్ కుమార్ మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తూ వారానికోసారి వస్తాడు. రెండో తరగతి చదివే సాత్వికను లేపి, జడలు వేసి, తినిపించి, పక్కింటి అబిదాకు అప్పజెప్పి పరుగెత్తడం హిమజ ఒక్కదాని పని. స్కూలు ఆటో వచ్చాక అబిదా ఎక్కించేది. ఇంత ఏర్పాటూ ఉన్నా పిల్ల బూటొకటి మంచం కిందికి విసిరేది, తల్లి గొంతు చించుకునేది, బస్సు వెళ్లిపోయేది. బడిలో హెడ్మాస్టరు ఏమీ అనడు, గోడ గడియారం వంక చూస్తాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. ఇవన్నీ తలుచుకుంటూ హిమజ పెరట్లో ట్యాపు తిప్పి చాలాసేపు మొహం కడుక్కునేది. కళ్లజోడు తుడుచుకుని అప్పుడు బయల్దేరేది.

ఇప్పుడు బస్సు రోజూ అందుతోంది. సంతోషించాల్సిందే. కానీ తను కన్న పిల్ల తన మాట కాదని అత్తగారి గుసగుసకు లేస్తుంటే ఏ తల్లికి మాత్రం కడుపు మండదు? అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఇడ్లీ పాత్ర మూతలు ఠాప్ ఠాప్‌మని పడుతున్నాయి.

ఏం చెబుతున్నారని అత్తగారిని అడిగింది. ఆవిడ నవ్వి, మంత్రం బయటికి చెబితే పారదని దాటేసింది. పిల్లను అడిగింది. నానమ్మకు ఒట్టేశానంది పిల్ల. చాక్లెట్ ఆశ చూపితే, చాక్లెట్ తిని నోరు మూసుకుంది.

పైగా సాత్విక వరసే మారిపోయింది. తన నీళ్ల సీసాతో పాటు తల్లి సీసా కూడా నింపి హ్యాండ్‌బ్యాగులో పెడుతోంది. తిన్నావా అని అడుగుతోంది. అబిదా వాళ్ల మెట్ల మీద నిలబడి, హిమజ సందు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతోంది. తనను ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని చూస్తోందేమోనని హిమజకు దిగులు పుట్టింది.

ఒక సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే గోడ దగ్గర అత్తగారి మాటలు వినబడ్డాయి.

"మా పిల్లకి బడంటే చానా బెదురు, అబిదా. పొద్దున్నే చాటుగా ఏడుస్తది. గదమాయిస్తే ఇంకా బెదురుద్ది. బుజ్జగించి పంపాల."

కొత్తలో అంతేలే అక్కా, అలవాటు పడుద్దని అబిదా అంది.

హిమజ చేతిలో బట్టలు అలాగే ఉండిపోయాయి. సాత్విక ఏడవడమేమిటి? ఎల్‌కేజీ నుంచీ వెళ్తున్న బడికి ఇప్పుడు కొత్తేమిటి? అత్తగారికి వయసు మీద పడి ఏదో అనుకుంటోందా, లేక పిల్ల నిజంగానే ఏడుస్తుంటే తన కంట పడలేదా? రెండో మాటకు ఆమె ప్రాణం చివుక్కుమంది. పది ఊళ్ల పిల్లలకు పాఠాలు చెప్పడానికి బయల్దేరింది, ఇంట్లో పిల్ల కన్నీళ్లు కనబడలేదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ, బడంటే నీకు భయమా అని మెల్లిగా అడిగింది.

"నాకా?" అని సాత్విక వింతగా చూసింది. తర్వాత ఎడమ చేత్తో తల్లి చెయ్యి నిమిరింది. "భయమెందుకమ్మా, ఏం కాదు."

హిమజకు మరింత అయోమయంగా అనిపించింది.

ఆదివారం బాలసరస్వతి ఎడ్లపాడు బయల్దేరింది. మిరప కోతలు మొదలయ్యాయి, ఇంక ఆగడానికి లేదు. బస్టాండులో హిమజ ఉండబట్టలేకపోయింది.

"రేపట్నుంచి నేనొక్కదాన్నే అత్తయ్యా. ఆ మాటేందో నాకన్నా చెప్పి వెళ్లండి."

"నీకు చెప్పే మాట కాదమ్మాయ్ అది," అంది బాలసరస్వతి బస్సు మెట్టెక్కుతూ. "పిల్ల దారిన పడింది. ఇంక నేను లేకపోయినా పర్లేదు."

సోమవారం హిమజ గుండె చిక్కబట్టుకుని లేచింది. అత్తగారిలాగే చెవిలో ఏదో ఒకటి చెప్పి చూద్దామని మంచం దగ్గరికి వెళితే మంచం ఖాళీగా ఉంది. సాత్విక యూనిఫాం వేసుకుని, రిబ్బన్లు చేత్తో పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉంది. బూట్లు రెండూ కాళ్లకే ఉన్నాయి.

"మెల్లిగా తిను అమ్మా. బస్సుకి ఇంకా టైముంది," అంది.

హిమజ మెల్లిగానే తింది. అరవడానికి ఏమీ దొరకలేదు. ఇంత ప్రశాంతంగా ఉన్నందుకు ఆనందపడాలో, ఆవిడ ఊళ్లో లేకపోయినా ఆవిడ మాటే చెల్లుతున్నందుకు ఉడుక్కోవాలో తెలియలేదు. పిల్లను అబిదా వాళ్ల మెట్ల మీద దించి బయల్దేరింది. సాత్విక మలుపుదాకా చెయ్యి ఊపింది.

మలుపు తిరిగాక చూసుకుంటే కళ్లజోడు లేదు. హిమజ గబగబా వెనక్కి వచ్చింది. సాత్విక అటు తిరిగి, అబిదా ఫోను రెండు చేతులతో చెవికి ఆనించుకుని ఉంది.

"మన పిల్ల ఇయ్యాల ఏడవకుండా బడికి పోయింది నానమ్మా."