డబ్బా లేని స్పీకర్లు

"ఇంట్ల అవన్న ఉండాలె, నేనన్న ఉండాలె. ఏదో ఒకటి జెప్పు!"

సక్కుబాయి కుట్టుమిషన్ ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పేసింది. చెన్నయ్య చేతిలోని ఉప్పుకాగితం పలక మీదే ఆగిపోయింది.

గది నడుమ రెండు టేకు పలకలు కాళ్ల మీద నిలబడి ఉన్నాయి. పలక మధ్యన గుండ్రటి రంధ్రం, అందులో స్పీకరు. అంతే. వెనకాల డబ్బా లేదు, మూత లేదు. అటు వెళ్లి చూస్తే స్పీకరు వీపూ తీగలూ అన్నీ బయటే. కాటేదాన్ కార్ఖానాలో ఎవరెవరి తలుపులో చేస్తూ వచ్చిన చెన్నయ్య, తన కోసమంటూ చేసుకున్న మొదటి వస్తువులు ఇవే. నున్నగా చేసి చేసి, వాటిని నిమరకుండా ఉండలేని స్థితికి వచ్చాడు.

"ఎనక డబ్బా గూడ బిగియ్యలె. సగం పని జేసి ఇడిసిపెట్టినవ్. ముందటా లొల్లే, ఎనకా లొల్లే. నెత్తి మీద ఇమానాల లొల్లి సాలదా మనకు?"

"డబ్బా లేకపోవుడే దీని సోకు. పాట కట్టేసినట్టు ఉండదే, ఇప్పుకొని వస్తది."

"నాకొద్దు. పొద్దుగూకేలోపల తీసెయ్యి. లేకుంటె నీళ్లపొయ్యిల పెడ్త."

సక్కుబాయి అన్నమాట వెనక్కి తీసుకున్న దాఖలా ఇంతవరకు లేదు.

ఈ లొల్లి గోడవతల విన్న పక్కింటి మొయిజ్ గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఇలాంటి స్పీకర్లుంటాయని ఫోన్‌లో చూపించి నిప్పు పెట్టింది అతనే.

"పరేషాన్ గాకు కాకా. వీటి సౌండు ముందటికి పోతది, ఎనక్కి పోతది. పక్కలకు జర్రంతే. చిన్నమ్మ దిక్కు పలకల అంచు ఉండేటట్టు తిప్పు. నీకు పాట, ఆమెకు నిమ్మళం."

ఇద్దరూ కలిసి పలకలను తిప్పారు. ఇప్పుడు వాటి మొహాలు చెన్నయ్య కుర్చీని చూస్తున్నాయి, అంచులు కుట్టుమిషన్‌ను. చెన్నయ్య పాట పెట్టి కూర్చున్నాడు. ఎవరో ఒకామె బతుకమ్మ పాట అందుకుంది. ఆమె గదిలోకి వచ్చి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది, ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. చెన్నయ్య కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇనొస్తుందా?" అని భయం భయంగా అడిగాడు.

"ఏం రాలె," అంది సక్కుబాయి జాకెట్టు చేతికి అంచు మడుస్తూ.

"మరి ఉంచుకోనా?"

"నా చెవుల పడకుంటె ఉంచుకో."

చెన్నయ్యకు ఏనుగెక్కినంత సంబరమైంది. మొయిజ్‌ను లాక్కెళ్లి చౌరస్తాలో చాయ్ తాగించి మరీ ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని పాట పెడితే, ఆ పాడే ఆమె ఎక్కడో వీధి చివరకు వెళ్లిపోయినట్టుంది. లేచి చూస్తే పలకలు పక్కకు తిరిగి ఉన్నాయి.

అప్పుడే ఇంటి మీదుగా విమానం ఒకటి దిగుతూ పోయింది. వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

"దీని అదురుకే జరిగినయ్," అనుకున్నాడు. పలకలను సరిచేసి, కాళ్ల చుట్టూ బండల మీద సుద్దముక్కతో గీత గీశాడు. సక్కుబాయి తల ఎత్తకుండా మిషన్ తొక్కుతూనే ఉంది.

అన్నం తిని వచ్చేసరికి పలకల కాళ్లు మళ్లీ గీత దాటాయి. ఈసారి చెన్నయ్య వంగి, బండలకు కళ్లు ఆనించినంత పని చేసి చూశాడు. విమానం అదురుకు జరిగితే ఒకటి ఇటూ ఒకటి అటూ జరగాలి. ఇవి రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే వైపు తిరిగాయి. పాపం విమానాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాడు.

"యాదయ్య తాన్కి పోయొస్త," అని కార్ఖానా దోస్తు పేరు గట్టిగా చెప్పి, పాట నడుస్తుండగానే చెప్పులేసుకొని బయటికి నడిచి, కిటికీ పక్కన నక్కాడు. మిషన్ చప్పుడు ఆగింది. సక్కుబాయి లేచి వాకిట్లోకి తొంగిచూసింది. కొంగు నడుముకు దోపి, ఒక పలకను రెండు చేతులా పట్టుకొని తిప్పింది. తర్వాత రెండోదాన్ని.

చెన్నయ్యకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"నీళ్లపొయ్యిల పెడ్తనన్నవ్, అదే నయముండె. మొహం మీద అన్నవ్. గిట్ల దొంగచాటుగ నా కుర్చీకి పాట రాకుంట జేస్తవా? నేను జర సంతోషంగ కూసుంటె సూడలేవా?"

సక్కుబాయి దొరికిపోయిన మనిషిలా నేల చూపులు చూసింది.

"సరే. ఇగ నీ మాటే నెగ్గింది." చెన్నయ్య స్క్రూడ్రైవర్ తీసుకొని పలక ముందు కూర్చున్నాడు. "యాదయ్యకే ఇచ్చేస్త. ఆయనింట్ల వద్దనెటోళ్లు లేరు."

మొదటి మర ఊడి బండ మీద పడింది. రెండోది సగం తిరిగేలోపు సక్కుబాయి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు."

"ఇంకేం గావాలె నీకు?"

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. చెవుల దాకా ఎర్రబడిపోయి, గొణిగినట్టుగా అంది.

"వద్దన్న నోటితోని మళ్ల ఎట్లడగాలె... నువ్వు పెట్టినట్టు పెడ్తె నా మిషన్ కాడికి పాట వస్తలేదయ్యా!"