పొదిగే పని

రెండు దొడ్ల మధ్య దడి తీసేశాక బాతుల కష్టాలు గట్టెక్కాయి. గుడ్లు పెట్టి, పక్క దొడ్లోని చుక్కలకోడికి అప్పజెప్పి, పొద్దంతా చెరువులో ఈదుకునేవి. కూలి కింద నత్తలు ఇచ్చేవి.

కోడికి సంబరమే. తన గుడ్లు చల్లారిపోతాయన్నదొక్కటే దిగులు. అంతలో చెరువు అవతలి నుంచి బక్కచిక్కిన సీమకోడి ఒకటి వచ్చింది.

"మీ గుడ్లు నేను పొదుగుతాను అమ్మగారూ. మీకొచ్చే నత్తల్లో సగం ఇప్పించండి చాలు."

"మరి నీ గుడ్లో?"

"మా అమ్మను కూర్చోబెట్టి వచ్చాను. ముసలిది కదా, ఊరికే చేస్తుంది."

కోడికి కళ్లు చెమర్చాయి. కళ్లు తుడుచుకుని, సగాన్ని పావుకు దించి బేరం ఖాయం చేసుకుంది.

బాతుపిల్లలు గుడ్లలోంచి బయటపడి, వెనక్కి చూడకుండా నీళ్లలోకి దిగిపోయాయి. కోడి గట్టు మీద నిలబడి కాసేపు పిలిచింది. ఒక్కటీ రాలేదు. పోనీలే, నా పిల్లలు నాకున్నాయి అనుకుని, ముక్కున లావుపాటి నత్తను కరుచుకుని ఇంటికి పరుగెత్తింది.

పిల్లలు ఆమెను చూసి బెదిరిపోయి సీమకోడి రెక్కల కింద దూరాయి.

"భయపడకండ్రా," అంటూ సీమకోడి వాటిని దగ్గరికి పొదువుకుంది. "మనకు పని ఇచ్చిన అమ్మగారు."