చేనికి తలంటు

వాన తామరాకు మీది బొట్టులా దొర్లిపోవడమే తప్ప, నేలలోకి ఇంకడం మానేసి చాలా ఏళ్ళయింది. మట్టికి పొగరెక్కిందంటారు రాయదుర్గం పక్క జనం. ఆ పొగరు దించి నేల చేత నీళ్ళు తాగించేది కుంకుడు నురగే. అందుకే అక్కడ స్నానాల గదులు పోయాయి. చుట్టమొచ్చినా చేన్లో నిలబెట్టి తలంటాల్సిందే.

ఆరోజు సుంకమ్మ చేనికి నేలల అధికారి వచ్చాడు. అతను వేసిన నీటిబొట్టు ఇంకకపోతే నేల చచ్చినట్టే. అలాంటి చేన్ని సోలార్ పలకలకు ఇచ్చేస్తారు.

"ఎండన పడొచ్చినావు సారూ, ముందు నీళ్ళు పోసుకో. స్నానం చేయనోళ్ళకి మా ఇంట్లో సంగటి పెట్టం," అంది సుంకమ్మ.

నాటుకోడి పులుసు వాసనకు అధికారి చొక్కా విప్పేశాడు. చేనంతా వెతికినా నీడ ఉన్నది ఒక్క తుమ్మచెట్టు కిందే. అక్కడే సుంకమ్మ మొగుడు మారెన్న కుంకుడు పులుసు పోసి, సర్కారు వీపును పీచుతో తోమాడు.

తిని, కునుకు తీసి లేచేసరికి నేల ఆరిపోయింది. ఎండలోకి పోవడానికి బద్ధకమేసి, అధికారి ఆ నీడలోనే గొంతుక్కూర్చుని బొట్టు వేశాడు. నేల గుటుక్కున మింగేసింది.

"ప్రాణముంది," అని రాసుకుని జీపెక్కాడు.

"మళ్ళీ రా సారూ!" సుంకమ్మ వెనకనుంచి కేకేసింది. "ఈసారి మీ ఆఫీసోళ్ళందర్నీ పిల్చుకరా. ఇంకా నాలుగెకరాలుంది!"