లారీ మోత

"రేపటిసంది నేను ఈ లారీ ఎక్క. మీ తాతకు చెప్పు," అంటూ ఉప్పలమ్మ క్యాబిన్‌లోంచి దిగి తలుపు ధడాలున వేసింది.

"క్రౌన్ మీద చెయ్యి ఎయ్యనియ్య. మీ అమ్మమ్మకు చెప్పు," అన్నాడు బాలస్వామి, స్టీరింగు వదలకుండా.

యూనివర్సిటీ వర్క్‌షాపు ముందు ఇద్దరి మధ్యా పానా పట్టుకుని నిలబడింది నిరోష. ఎంటెక్ చదివే ఆ పిల్లకు ఈసారి ప్రాజెక్టు తాత లారీయే. వెనక చక్రాలను తిప్పే క్రౌన్ అనే పళ్లచక్రాన్ని మార్చి, లారీ మోత తగ్గించాలని చూస్తోంది. తాతా అమ్మమ్మలకు రామంతాపూర్‌లో మొక్కల నర్సరీ ఉంది. మొక్కలూ ఎర్రమట్టీ వేసుకుని, పక్కపక్కన కూర్చుని, నల్లకుంటా తార్నాకా మెట్టుగూడా వాళ్లు తిరగని రోజు లేదు. ఇప్పుడా పక్క సీటు ఖాళీ అయ్యేలా ఉంది.

"తాతా, జర ఇను," అంది నిరోష. "పాత ఇంజనుకు తాకత్ తక్కువ. గందుకే కంపెనీవాళ్లు అసొంటి క్రౌన్ పెట్టిండ్రు. షాఫ్టు ఏడు చుట్లు తిరిగితేగాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. బండి మెల్లగ పోతది, బరువు గుంజుతది. పోయినేడు నువ్వు ఎక్కించింది బస్సు ఇంజను. దీనికి తాకత్ మస్తుగున్నది. ఐదు చుట్లకే చక్రం తిరిగే క్రౌన్ సాలు. నువ్వు ఉత్తగనే ఇంజన్ను ఉరికిస్తున్నవ్. గందుకే ముందటికంటె ఎక్కువ మొత్తుకుంటున్నది."

"లోడుతోని ఎత్తు ఎక్కదు."

"ఎక్కుతది. లెక్క చేసిన."

"డీజిల్ ఎక్కువ తాగుతది."

"తక్కువ తాగుతది, తాతా."

బాలస్వామి స్టీరింగును నిమిరాడు. "పాత బండి. అలవాటు తప్పిస్తే అలుగుతది."

"బండి అలుగుతదట!" అంది ఉప్పలమ్మ గోడ నీడలో కూలబడుతూ. "నేను అలిగితే ఏందని ఒక్కనాడన్న అడిగిండా, అడుగు."

బాలస్వామి కిందికి దిగి, రంగు వెలిసిన బానెట్ మీద చెయ్యి వేశాడు. "మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌ల ఈ మోత ఇనంగనే కుండీలు పట్టుకొని గేట్ల కాడికి వచ్చేటోళ్లు, బిడ్డా. హారను కొట్టే పని లేకుండె. సన్నజాజి అంటే సన్నజాజి, నందివర్ధనమంటే నందివర్ధనం. పోరగాళ్లు బండెంబడి ఉరికేటోళ్లు. గా పోరగాళ్లే ఇప్పుడు తాతలైండ్రు. మొక్కలు ఫోన్ల తెప్పిచ్చుకుంటుండ్రు."

"గప్పుడు గా మోతకు నా చెవుల కమ్మలు ఊగుతుండె," అంది ఉప్పలమ్మ. "ఇప్పుడు నోట్ల పండ్లు ఊగుతున్నయ్."

వర్క్‌షాపు మెకానిక్ రాజలింగం పడీపడీ నవ్వాడు. బాలస్వామికీ నవ్వొచ్చింది గాని మీసం దువ్వుకుని దాచుకున్నాడు. తాళంచెవి తీసి నిరోష చేతిలో పెట్టి, భార్యకు వినపడకుండా అన్నాడు. "ఆమె ఎక్కకుంటే నాకీ బండెందుకు? మార్చు."

లారీని మొద్దుల మీదికి ఎత్తి, వెనక చక్రాల నడుమ ఉన్న గుండ్రటి హౌసింగ్ విప్పారు. పాత క్రౌన్ పళ్లు అరిగి అరిగి నున్నగా మెరుస్తున్నాయి. పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి నిరోష వెతికి తెచ్చిన క్రౌన్‌ను రాజలింగం బిగించాడు. చక్రం మీద సుద్దముక్కతో గీత పెట్టి, షాఫ్టు తిప్పుతూ నిరోష చుట్లు లెక్కపెట్టుకుంది. లెక్క కుదిరింది.

ఎర్రమట్టి నిండా పోసుకుని లారీ బయలుదేరింది. ఉప్పలమ్మ కొంగు సర్దుకుని, కిటికీ అద్దం పైకెత్తుకుని మరీ కూర్చుంది. హౌసింగ్ చప్పుడు వినాలని నిరోష వెనక మట్టి మీద కూర్చుంది.

వినడానికి చప్పుడే లేదు. క్యాంపస్ చెట్ల కింద నుంచి లారీ పోతుంటే ఎవరూ తల తిప్పి చూడలేదు. తార్నాక ఫ్లైఓవర్‌ను అంత మట్టితోనూ నిమ్మళంగా ఎక్కేసింది. ఆ లారీ మీద కూర్చుని కోయిల కూత వినడం నిరోషకు అదే మొదలు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఊరినుంచి వచ్చినప్పుడు ఇక్కడే, క్రోటన్ మొక్కల మధ్య, ఆ మోతకే జోగి నిద్రపోయేది. ఇప్పుడు గెలిచింది తనే. అయినా ఒళ్లు ఆ పాత అదురు కోసం ఎదురుచూస్తోంది.

క్యాబిన్ వెనక అద్దంలో రెండు తలలు కనిపిస్తున్నాయి. తాత తల నిటారుగా రోడ్డు మీదికి. అమ్మమ్మ తల కొంచెం తాత వైపు ఒరిగి. మెట్టుగూడ వచ్చేసరికి అది కిటికీ వైపు తిరిగిపోయింది. రైల్వే క్వార్టర్స్ ముందు నుంచి లారీ మెత్తగా సాగిపోయింది. ఒక్క గేటూ తెరుచుకోలేదు.

వర్క్‌షాపుకు తిరిగొచ్చాక బాలస్వామి దిగి బానెట్ తట్టాడు. "నీ లెక్క సరిపోయింది, బిడ్డా. పాసైనవ్," అని మొహం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి నడిచాడు.

ఉప్పలమ్మ మాత్రం సీటులోంచి కదల్లేదు.

"ఇప్పుడు ఖుషేనా అమ్మమ్మా? రేపు ఎక్కుతవా?" అంది నిరోష తలుపు తీస్తూ.

ఉప్పలమ్మ నల్లా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "పాతదే మళ్ల ఎయ్యి."

"ఏందే? మోత భరించలేనని లొల్లి పెట్టింది నువ్వే గద!"

"సప్పుడు తగ్గితే సక్కగ ఇందామనుకున్ననే. ఇయ్యాల తొవ్వ పొడుగుత ఒక్క మాట రాలె."

"ఎవరి మాట?"

"నాకు ఇనపడదనుకొనే గదనే, మీ తాత ఇన్నేండ్లు నాతోని మనసిప్పి మాట్లాడింది!"