పూల దారి చెప్పే ఆట

కందిరీగలకూ గండుచీమలకూ తరతరాల పోరు. నడుమ తుమ్మకొమ్మకు పట్టు పెట్టుకున్న తేనెటీగలు ఎవరి జోలికీ పోలేదు. "వాళ్ల గొడవ వాళ్లది. మనకు పూలు చాలు," అనేది ముసలి పుప్పొడమ్మ. పూలు ఎటువైపు, ఎంత దూరాన ఉన్నాయో ఆడి చూపించడం ఆ పట్టులో ఆమె పని.

ఒకరోజు తెల్లారుతుండగా కందిరీగలు చెప్పాపెట్టకుండా వచ్చి మీదపడ్డాయి. పొద్దెక్కేసరికి సగం పట్టు నేలరాలింది. అరల్లో పసికందు అన్నది మిగల్లేదు.

గండుచీమల పెద్ద పనిగట్టుకుని కొమ్మెక్కి వచ్చాడు. "ఇక మీరూ మావాళ్లేనమ్మా. కందిరీగల గూడు ఎటుందో నీకు తెలుసు కదా, మీవాళ్లకు చెప్పు," అన్నాడు.

పుప్పొడమ్మకు కడుపు రగిలిపోతోంది. లేచి, ఆ గూడున్న దిక్కుకు తిరిగి ఆట మొదలుపెట్టింది. ఆమెకు వచ్చింది ఆ ఒక్క ఆటే. అందులో పూలకు తప్ప దేనికీ మాట లేదు. పగకు లేదు, చావుకూ లేదు.

చూస్తున్న, అప్పటికే రెక్కలొచ్చిన పిల్లతేనెటీగలకు ప్రాణం లేచొచ్చింది. "అవ్వా, ఇంకా పూలున్నాయా?" అని అడిగింది ఒకటి.

పుప్పొడమ్మ ఆట ఆపలేదు.

పిల్లలు పుప్పొడి మోసుకురావడానికి కాళ్లు దులుపుకుని, పాడుకుంటూ కందిరీగల గూటి వైపు ఎగిరిపోయాయి.