పక్క కుర్చీ

బెర్మెట్ బ్యాగు పెట్టి ఆపి ఉంచిన కుర్చీలో ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. బ్యాగు తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

“అక్కా, ఇక్కడికి ఒకరు వస్తున్నారు.”

“వస్తే లేస్తాలే అమ్మా. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది.”

బెర్మెట్‌కు ఒళ్ళు మండింది. బిష్కెక్‌లోని ఆ టీ హోటల్ మేడ మీదకు ఆమె టీ కోసం రాలేదు. పుస్తకాలు అచ్చువేసేవాళ్ళూ బొమ్మలు గీసేవాళ్ళూ నెలకోసారి అక్కడ కలుస్తారు.

ఆమెకు ఉద్యోగమంటూ లేదు. ఇంట్లో కూర్చుని పిల్లల పుస్తకాలకు గుర్రాలూ పిట్టలూ అంటూ బొమ్మలు గీస్తుంది. పని ఫోన్లో వచ్చేది, ఫోన్లోనే వెళ్ళేది. పంపేవారి మొహం ఎన్నడూ చూడలేదు. కబురు కింద ‘ఆఫీసు’ అని ఉండేది, అంతే.

పోయిన వారం ఆ ఆఫీసు నుంచే, ఇకమీదట ఈ పనులు దానియార్ చూస్తాడని కబురొచ్చింది. కొత్తగా వచ్చేవాడు తనవాళ్ళను తెచ్చుకుంటే తన గతేమిటని ఆమెకు నిద్ర పట్టడం లేదు.

“ఇంట్లో కూర్చుంటే నిన్నెవరు అడుగుతారే? వెళ్ళి అతని పక్కన కూర్చో, నాలుగు మాటలు కలుపు,” అని స్నేహితురాలు చినారా తరిమింది.

పెద్దావిడ మాత్రం తాపీగా అడుగుతోంది.

“మీదే ఊరమ్మా?”

“నారిన్.”

“అదీ సంగతి. అందుకేనన్నమాట, గుర్రాలు...”

నారిన్ అనగానే అందరూ ఎత్తే గుర్రాల కబుర్లు మొదలైతే ఇక తెమలదనుకుంది బెర్మెట్. మొహం తిప్పుకుంది.

“వేళకు తింటున్నావా? కళ్ళు లోపలికి పోయాయి.”

“తింటున్నాను.”

మెట్ల దగ్గర, చినారా ఫొటోలో చూపించిన దానియార్ కనిపించాడు. అప్పుడే నలుగురు అతన్ని చుట్టుకున్నారు.

“నిన్ను చూద్దామనే...” అని పెద్దావిడ ఏదో చెప్పబోయింది.

బెర్మెట్ టీ కూజా అందుకుంది. టీ పోయడం చిన్నవాళ్ళ వంతు. ఇంకాసేపు కూర్చోవాలని మనం కోరుకునే మనిషికి టీ గిన్నె అడుగున కాస్తే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయవచ్చని. అంచుదాకా నింపితే, తాగి లేవమని.

ఆమె అంచుదాకా నింపింది. మర్యాద తెలియక కాదు, తెలిసే చేసింది.

పెద్దావిడ గిన్నె వంక చూసింది. నవ్వు చెరగలేదు గానీ మొహం చెవులదాకా ఎర్రబడింది. రెండు చేతులతో గిన్నె ఎత్తి, కాలుతున్న టీ మొత్తం తాగింది.

“చల్లగా ఉండు తల్లీ,” అని బ్యాగు కుర్చీలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

బెర్మెట్ మనసు చివుక్కుమంది. కానీ దానియార్ ఇటే వస్తున్నాడు.

“నువ్వేనా బెర్మెట్?”

“అవునన్నా,” అంది లేచి నిలబడి.

“సాయ్రా అక్క ఏది? నీ పక్కనే కూర్చుంటానంది. దగ్గరుండి పరిచయం చేస్తానంది.”

“ఆవిడ ఎవరు, అన్నా?”

“భలేదానివే. ‘ఆ పిల్లకు నోరు లేదు, తనంతట తాను అడగదు, దాన్ని వదులుకోకు’ అని వారం రోజులుగా చెవినిల్లు కట్టుకుని పోరుతోంది.”

బెర్మెట్ కిటికీ దగ్గరకు పరుగెత్తింది. కింద ఆవిడను ఎక్కించుకుని మినీబస్సు కదిలిపోయింది. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది.

“నా సంగతి ఆవిడకెలా తెలుసన్నా?” అంది, వెనక్కి తిరగకుండానే.

“అదేమిటి, ఇన్నాళ్ళూ నీకు పని పంపిన ‘ఆఫీసు’ అంటే ఆవిడే కదా, మంచానపడ్డ చెల్లెలి దగ్గరకు రేపు ఊరొదిలి పోతోంది, పోయేలోగా నిన్నొక్కసారి కళ్ళారా చూసుకుంటానని వచ్చింది.”